చౌడి దప్పిక

ఏప్రిల్ 2

గుహ నీటిమట్టం నిన్నటి కంటే రెండు వేళ్లు తగ్గింది. పంపు పొద్దున ఒక గంట, సాయంత్రం అరగంట నడిపాను. నాలుగు వరుసల ఇళ్లకూ కొళాయిలు సరిగానే వచ్చాయి.

ఈ పుస్తకంలో నేను రాయాల్సింది ఇంతే. కానీ దిగువూరి నీటిగది నా చేతికి వచ్చి పదకొండేళ్లయింది, ఇంతవరకు ఈ పుస్తకం తెరిచి చూసినవాళ్లు లేరు. అందుకని పని సంగతులు అయ్యాక ఇంటి సంగతులు కూడా రాసుకుంటాను.

చౌడికి రెండు రోజులుగా జ్వరం, గొంతు నొప్పి. చౌడి నా చెల్లెలు. పైన ఎండకు తాళలేక మేమంతా ఈ గుహల్లోకి దిగిన మొదటి ఏడు పుట్టింది. మరుసటి ఏడే అమ్మ పోతే నేనే పెంచాను. పెళ్లి చేశాను. ఇప్పుడు ఎనిమిదో నెల.

మధ్యాహ్నం వెళ్లేసరికి గోడవైపు తిరిగి పడుకుని ఉంది. భర్త దస్తగిరి సోలార్ పలకలు తుడిచే పనికి పైకి పోయాడు. నన్ను చూసి లేచి కూర్చుంది.

"జ్వరం పోయిందిలే అక్కా. వొళ్లే తేలిగ్గా లేదు. లోపలున్నది మాత్రం గంతులేస్తాంది చూడు" అని నా చేయి లాగి పొట్ట మీద పెట్టుకుంది.

నిజమే, గట్టిగా తన్నింది.

ఏప్రిల్ 5

నీటిమట్టం మారలేదు. రెండో వరుస గొట్టం దగ్గర నీళ్లు కొద్దిగా కారుతుంటే గుడ్డ చుట్టి బిగించాను.

చౌడి నిన్న పన్నెండు చెంబులు పట్టుకుంది. ఊళ్లో మనిషికి రోజుకు ఆరు చెంబులు, కడుపుతో ఉన్నవాళ్లకు ఎనిమిది. చేతికున్న బిళ్ళను కొళాయికి ఆనిస్తే ఒక చెంబు వస్తుంది, ఎవరు ఎన్నిసార్లు ఆనించారో నీటిగది పలక మీద కనబడుతుంది. జ్వరం వచ్చి తగ్గింది కదా, దప్పిక ఉంటుందిలే అనుకున్నాను.

ఏప్రిల్ 7

మూడో వరుస ఫిల్టర్ పూడుకుపోయింది. పాయఖానాల నుంచీ, స్నానాలు చేసే జాలాడి నుంచీ వచ్చే నీళ్లు దాని గుండా పోయి, శుభ్రమై మొక్కల గదికి చేరాలి. మూడు నెలలకు ఒకసారి కడిగితే చాలు. అలాంటిది పదిహేను రోజుల్లోనే బిగుసుకుంది. మూత తీసి చూస్తే తెల్లటి జిగురు, గంజి చల్లారాక పైన కట్టే తెట్టులాగా. వేళ్లకు పట్టుకుంటే వదల్లేదు. ఇంతకుముందు ఎప్పుడూ చూడలేదు. బ్రష్‌తో రుద్ది రుద్ది భుజాలు లాగేశాయి.

మధ్యాహ్నం చౌడి వాళ్లింటికి వెళ్లాను. నిన్న దాని పేరున పందొమ్మిది చెంబులు. పెదవులు పగిలి ఉన్నాయి. మొహం పీక్కుపోయింది.

"ఇన్ని నీళ్లు ఏం చేస్తాండావు?"

"తాగుతాండా" అంది. "నోరు ఊరికే ఎండిపోతాంది అక్కా. తాగినకొద్దీ దప్పికే. తాగేది, లేచి పాయఖానాకు పొయ్యేది. రాత్రంతా ఇదే పని."

"ఎనిమిదో నెలలో అందరికీ అంతే. బిడ్డ బరువు కిందికి దిగినాది."

వచ్చేటప్పుడు నర్సు హుసేన్‌బీని అడిగాను. ఆమే ఊరికి డాక్టరూ, మంత్రసానీ. కడుపుతో ఉన్నవాళ్లకు నెలనెలా షుగర్ పరీక్ష చేస్తుంది. పోయిన నెల ఇరవయ్యో తేదీన చౌడికి చేసింది, అంతా బాగుందని కాగితం చూపించింది. "జ్వరం తర్వాత అట్లనే ఉంటాది. నాలుగు రోజులు చూద్దాంలే మద్దమ్మా" అంది.

ఏప్రిల్ 9

మూడో వరుస ఫిల్టర్ మళ్లీ. అదే జిగురు. ఈసారి ఒక రకమైన వాసన కూడా, పాడైపోతున్న పండు వాసన. మందు నీళ్లు పోసి కడిగాను.

సాయంత్రం నీటి సంఘం పెద్ద సుబ్బరాయుడు వచ్చాడు. పలక ముందు నిలబడి చాలాసేపు చూశాడు.

"మూడో వరుసలో ఎవరింట్లో ఎక్కువ పడతాండారో నీకు తెలుసు గదా?"

"తెలుసన్నా. మా చౌడి వాళ్లు."

"ఎన్నాళ్లయింది?"

"ఐదు రోజులు."

ఆయన పలక మీది అంకె మీద వేలు పెట్టాడు. నియమం ఇద్దరికీ తెలుసు. మూడు రోజులు వరసగా వంతు దాటితే ఆ ఇంటి కొళాయికి వారం రోజులు తాళం. ఆ వారం వాళ్ల వంతు నీళ్లు నా చేతుల మీదుగా కొలిచి పోస్తాను. ఈ నియమం రాసినవాళ్లలో నేనూ ఉన్నాను. పోయిన ఎండాకాలం రామక్క మంచాన పడ్డ తండ్రికి పక్కబట్టలు ఉతకడానికని ఎక్కువ పట్టుకుంటే, ఏడుస్తున్నా వినకుండా ఆమె ఇంటికి తాళం వేసింది నేనే.

దస్తగిరిని పిలిచి అడిగాను. ఇంట్లో చాటుగా ఏమైనా మొక్కలు పెంచుతున్నారా, ఎవరికైనా ఇస్తున్నారా అని. అతని ముఖం చిన్నబోయింది.

"నా ఆరు చెంబుల్లో నాలుగు దానికే ఇస్తాండా వదినా. పైనుంచి దిగొచ్చినాక నాకు గొంతు తడుపుకునేదానికి లేదు. నువ్వు నన్ను ఇట్ల అడుగుతాండావు."

తాళం తీసుకుని వెళ్లి నేనే వేశాను. చౌడి తలుపు పట్టుకుని నిలబడి చూసింది.

ఏప్రిల్ 10

ఈ పొద్దు జరిగింది రాయాలనిపించడం లేదు. అయినా రాస్తాను.

పొద్దున చేతినీళ్ల వరుసలో, తాళం పడ్డవాళ్లూ కొళాయి పాడైనవాళ్లూ కలిసి, ఐదుగురు ఉన్నారు. చౌడి ముందు నిలబడింది. ఎనిమిది చెంబులు దాని బిందెలోకి కొలిచి పోశాను. బిందె పక్కన పెట్టి, అక్కడే వంగి దోసిలితో తాగింది. తాగి తాగి, మూతి తుడుచుకుని నా వైపు చూసింది.

"అక్కా, ఇంకొక్క చెంబు."

"అయిపోయినాయి కదే."

"ఒక్కటి. ఇంక అడగను. నోట్లో ఎవరో ఇసుక పోసినట్లుంది అక్కా."

చెంబు నా చేతిలోనే ఉంది. తొట్టి నిండా నీళ్లున్నాయి. వెనక రామక్క తన బిందె నడుముకు ఆనించుకుని నిలబడి ఉంది. "చెల్లెలైతే వేరే లెక్కనా మద్దక్కా?" అంది. గట్టిగా అనలేదు, కోపంగానూ అనలేదు.

నేను చెంబు తొట్టి మీద బోర్లించాను.

"అందరికీ ఒకటే చౌడీ. ఇంటికి పో. నీళ్లు గుటక గుటకగా తాగు."

బిందె ఎత్తుకుని నడిచింది. రెండు చోట్ల ఆగి గోడ పట్టుకుంది. కడుపుతో ఉన్న మనిషి, బిందె బరువు అనుకున్నాను.

ఏప్రిల్ 11

చౌడి రాలేదు. నీళ్లకు దస్తగిరి వచ్చాడు. తెల్లవారి నుంచి వాంతులు, కడుపులో నొప్పి అన్నాడు. హుసేన్‌బీ వచ్చి చూసిందట, ఇంకా నొప్పులు కావు, తిన్నది పడలేదేమో అని వాంతుల మాత్ర ఇచ్చిందట.

నా వంతు నీళ్లు రెండు చెంబులు దాచి తీసుకెళ్దామనుకున్నాను. వాంతి చేసుకునే మనిషికి నీళ్లు నిలుస్తాయా, రేపు పోద్దాంలే అనుకున్నాను. మధ్యాహ్నం మూడో వరుస ఫిల్టర్ కడుగుతూ కూర్చున్నాను. మూడోసారి.

ఏప్రిల్ 13

నిన్న రాయలేదు. నిన్నటిది కూడా ఇప్పుడే రాస్తున్నాను.

నిన్న పొద్దున పంపు వేస్తుండగా దస్తగిరి పరిగెత్తుకుంటూ వచ్చాడు. చౌడి పలకడం లేదన్నాడు. నేను వెళ్లేసరికి హుసేన్‌బీ దాని తల ఒళ్లో పెట్టుకుని ఉంది. కళ్లు సగం తెరిచి ఉన్నాయి. పెద్ద పెద్ద ఊపిరి తీస్తోంది, మెట్లన్నీ ఒక్క ఊపులో ఎక్కొచ్చిన మనిషిలాగా. నేను వంగి పిలిచాను. నోటి నుంచి అదే వాసన, పాడైపోతున్న పండు వాసన.

"ఈ వాసన నాకు తెలుసు" అన్నాను. "ఫిల్టర్‌లో వస్తాంది. మూడో వరుసలో. జిగురు కడతాంది, తెల్లగా."

హుసేన్‌బీ చేతులు ఆగిపోయాయి.

"ఎప్పటి నుంచి?"

"ఐదారు రోజులైంది."

"వారం నుంచి ఈమె ఎన్ని నీళ్లు తాగింది?"

చెప్పాను. తాళం వేసిన సంగతి కూడా చెప్పాను. ఆమె ఇంకేమీ అడగకుండా సంచిలోంచి చిన్న యంత్రం తీసి చౌడి వేలు గుచ్చింది. యంత్రం మీద అంకె రాలేదు. కొలవలేనంత ఎక్కువ అని చెప్పే గుర్తు మాత్రం వచ్చింది. ఇంకో వేలు గుచ్చింది. మళ్లీ అదే.

"షుగర్" అంది. "పోయిన నెల లేదు. నా చేత్తోనే చూసినా."

ఇద్దరం పట్టుకుని మందుల గదికి మోసుకొచ్చాం. రేడియోలో, అన్ని ఊళ్లకూ వైద్యం చూసే పెద్ద కేంద్రం డాక్టరమ్మ దొరికింది. హుసేన్‌బీ చెబుతున్నంతసేపూ ఆమె అడ్డురాలేదు. అంతా విని, "నీళ్లు ముందు" అంది. "సెలైన్ ఎక్కించండి. వొంట్లో నీళ్లు లేవు. ఇన్సులిన్ దాని వెనకాలే, మెల్లగా." ఆ మాట మూడుసార్లు చెప్పింది. నీళ్లు ముందు, నీళ్లు ముందు.

మందుల గదిలో ఉన్న ఇన్సులిన్ సీసాలు రెండే. అవి ఇద్దరు ముసలివాళ్లవి. ఒకరు రామక్క తండ్రి. కబురు పంపితే రామక్కే వచ్చింది. "మా నాయన సీసా ముందు వాడండి. ఆయనకు ఇంట్లో రొంత మిగిలింది" అని, అక్కడే ద్వారం పక్కన కూర్చుంది. నా వైపు చూడలేదు. నేనూ చూడలేకపోయాను.

సెలైన్ సూది దిగడానికి నరం దొరకలేదు. నాలుగో చోట దొరికింది.

హుసేన్‌బీ చౌడి పొట్ట మీద గొట్టం పెట్టి బిడ్డ గుండె విన్నది. చాలాసేపు అటూ ఇటూ జరిపింది. "ఉంది" అంది. "మెల్లగా కొడతాంది." దస్తగిరి నేల మీద కూర్చుని రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. బిడ్డను కోసి తీయకూడదా అని నేను రేడియోలో అడిగాను. డాక్టరమ్మ వద్దంది. తల్లి రక్తం ఇప్పుడు పులిసిపోయి ఉంది, ఈ స్థితిలో కోస్తే ఇద్దరూ మిగలరు, తల్లి తేరుకుంటే ఒక్కోసారి బిడ్డ కూడా తేరుకుంటుంది, అంది. నేను ఆ 'ఒక్కోసారి' అన్న మాట పట్టుకుని కూర్చున్నాను.

మధ్యాహ్నానికి చౌడి ఊపిరి కొంచెం నెమ్మదించింది. కళ్లు తెరిచి నన్ను చూసింది. "నీళ్లు" అంది. దూది తడిపి పెదవులకు రాశాను. హుసేన్‌బీ అంతకు మించి ఇవ్వొద్దంది, వాంతి అయితే ఊపిరితిత్తుల్లోకి పోతుందట.

రెండు గంటలప్పుడు మళ్లీ గొట్టం పెట్టింది. విన్నది. స్థలం మార్చింది. విన్నది. గొట్టం తీసి బట్టతో తుడిచి మళ్లీ పెట్టింది. చివరికి గొట్టం చుట్టి సంచిలో పెట్టేసింది.

దస్తగిరి లేచి బయటికి పోయాడు.

ఏప్రిల్ 14

నొప్పులు నిన్న సాయంత్రం వాటంతట అవే మొదలయ్యాయి. అప్పటికి చౌడికి పూర్తిగా తెలివి వచ్చింది. బిడ్డ లేదన్న సంగతి హుసేన్‌బీ చెప్పింది. చౌడి విని, "తెలుసు. నిన్నటి నుంచి కదల్లేదు" అంది. నొప్పులు వచ్చినప్పుడు దస్తగిరి చేయి పట్టుకుంది. నేను అటు వైపు ఉన్నాను, నా చేయి పట్టుకోలేదు.

ఈ పొద్దు తొమ్మిదింటికి కాన్పు అయింది. ఆడపిల్ల. జుట్టు చాలా ఉంది. గోళ్లు కూడా ఉన్నాయి. ఎక్కడా ఏ లోపమూ లేదు.

చౌడి చేతులు చాచింది. హుసేన్‌బీ గుడ్డలో చుట్టి ఇచ్చింది. చౌడి ముఖం మీద గుడ్డ తొలగించి చూసింది, చెవులు చూసింది, అరికాళ్లు చూసింది. "నీ చెవులే" అంది దస్తగిరితో. అతను తలూపాడు.

ఏప్రిల్ 15

బిడ్డను పైన పాతిపెట్టాం. పొద్దు వాలాక మెట్లెక్కాం. చౌడిని లేవనివ్వలేదు. దస్తగిరి, నేను, హుసేన్‌బీ, సుబ్బరాయుడన్న.

బయలుదేరే ముందు బిడ్డకు స్నానం చేయించాలి. దస్తగిరి నీటిగది గుమ్మంలో నిలబడి, "ఎన్ని చెంబులు వాడొచ్చు వదినా?" అన్నాడు. ఎగతాళి కాదు. నిజంగానే అడిగాడు. నేను తొట్టి కొళాయి పూర్తిగా తిప్పి వదిలేశాను. నీళ్లు పొర్లి నేల మీద పారాయి. సుబ్బరాయుడన్న చూస్తూ కాళ్లు పక్కకు జరుపుకున్నాడు.

పైన రాయి గట్టిగా ఉంది. మూరెడు లోతు తవ్వడానికి గంటన్నర పట్టింది. నా అరచేతులు బొబ్బలెక్కాయి.

ఏప్రిల్ 21

నీటిమట్టం మారలేదు. మూడో వరుస ఫిల్టర్ శుభ్రంగా ఉంది.

పెద్ద కేంద్రం నుంచి బండి వచ్చింది. చౌడికి ఆరు నెలల ఇన్సులిన్ తెచ్చింది, రామక్క తండ్రి సీసా కూడా. హుసేన్‌బీ నన్ను కూర్చోబెట్టి అంతా చెప్పింది. కొందరికి కడుపుతో ఉన్నప్పుడు వచ్చే షుగర్ కాన్పు కాగానే పోతుంది. ఇది అది కాదట. వొంట్లో ఇన్సులిన్ తయారు చేసే కణాలు నాలుగైదు రోజుల్లోనే చచ్చిపోయాయి. వాడుకోలేని చక్కెరంతా మూత్రంలో పోయింది, ఫిల్టర్‌లో జిగురు కట్టింది దానివల్లేనట. జ్వరం వెనకాల వస్తుందట, చాలా అరుదుగా, ఎక్కువగా కడుపుతో ఉన్నవాళ్లకు. ఇక ఎప్పటికీ సూది వేసుకోవాల్సిందే.

"నేను ఏడో తేదీన వేలు గుచ్చి ఉంటే..." అని ఆమె ఆగింది. "కాగితం చూసి కూర్చున్నా. మనిషిని చూడలేదు."

"నేను తాళం వేయకపోతే?"

హుసేన్‌బీ సీసాలు డబ్బాలో సర్దింది. "తెలీదు మద్దమ్మా" అంది. "నీళ్లతో తగ్గే జబ్బు కాదు. కానీ రెండు రోజులు ఆలస్యంగా పడిపోయేదేమో. ఆ రెండు రోజుల్లో మనకు తెలిసేదేమో. తెలీదు."

ఆమె అబద్ధం చెప్పనందుకు మేలు అనుకున్నాను. ఇంటికి వచ్చాక ఏడ్చాను.

సంఘం కూర్చుంది. ఎవరి వంతు దాటినా ముందు హుసేన్‌బీ చూడాలి, ఆమె చెప్పాకే తాళం, అని నియమం మార్చారు. తాళంచెవి ఇచ్చేస్తానన్నాను. నీ తప్పేముంది, రాసిన ప్రకారమే చేశావు కదా అన్నారు. తీసుకోలేదు.

మే 3

చౌడి చేతులు ఇంకా వణుకుతున్నాయి, సూది తనంతట తాను వేసుకోలేకపోతోంది. దస్తగిరి తెల్లవారకముందే పైకి పోవాలి. అందుకని పొద్దున సూది నేను వేస్తున్నాను. పన్నెండు రోజులైంది. నేను వెళ్లేసరికి గోడకు ఆనుకుని కూర్చుని ఉంటుంది. జాకెట్టు చేయి పైకి మడిచి తల పక్కకు తిప్పుకుంటుంది. సూది వేసి, దూది ఒత్తి, వచ్చేస్తాను. ఇన్ని రోజుల్లో ఒక్క మాట లేదు. ఇంటి కొళాయి తెరిచే ఉంది, అయినా నేను ముంచి ఇస్తే తాగదు. నేను వెళ్లాక తనే లేచి తాగుతుంది. ద్వారం దాటాక ఆ చెంబు చప్పుడు వినబడుతుంది.

ఈ పొద్దు సూది తీశాక చేయి దించలేదు.

"ఆ పొద్దు నేను అడిగినప్పుడు నీకు పొయ్యాలనిపించిందా?"

ఏ పొద్దు అని నేను అడగలేదు.

"అనిపించింది."

"మరి యాలా పొయ్యలేదు?"

నియమం అనొచ్చు. రామక్క అనొచ్చు. జబ్బని తెలియదు అనొచ్చు, అది నిజం కూడా. ఇన్ని రోజులూ ఇవన్నీ నాకు నేను చెప్పుకుంటూనే ఉన్నాను. దాని ముఖం చూస్తే ఒక్కటీ నోటికి రాలేదు.

"వెనక నిలబడినోళ్లు నన్ను ఏమంటారో అని చూసుకున్నా" అన్నాను. "నిన్ను చూడలేదు చౌడీ. చూసి ఉంటే తెలిసేది. చిన్నప్పటి నుంచి చూసిన మొహమే కదా."

చౌడి ఏడవలేదు. నేనే ఏడ్చాను, సూది చేతిలో పట్టుకుని. అది నన్ను ఆపలేదు, దగ్గరికీ రాలేదు. అలాగే చూస్తూ కూర్చుంది. చాలాసేపటికి జాకెట్టు చేయి కిందికి దించుకుంది.

"రేపు రొంత పెందలాడే రా" అంది. "సూది వేసిందాకా తినకూడదంట. పొద్దున్నే ఆకలైతాంది."

సరే అన్నాను.